అతుకుల బొంత: ముక్కలు ఎందుకు కలవవు?

ఈసారి కుట్టుపని శీర్షికకు వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం క్విల్టింగ్, అంటే అతుకుల బొంతలు కుట్టడం గురించే. అడిగిన తీరు వేరైనా అందరి ఇబ్బందీ ఒకటే: కొలిచే కోశాం, కుట్టాక మాత్రం మూలలు కలవడం లేదు. చాలామంది ఆ తప్పును మిషన్‌లో వెతుకుతున్నారు. నిజానికి అది కుట్టుకు చాలా ముందే, బట్టను బల్ల మీద పరిచి మడత పెట్టినప్పుడే జరిగిపోతుంది. అందుకని ఈ జవాబుల్లో ఎక్కువ భాగం కోత గురించే.

కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు: రోటరీ కట్టర్‌తో (గుండ్రటి బ్లేడు తిరుగుతూ కోసే కత్తితో) మూడున్నర అంగుళాల పట్టీలు కోస్తున్నాను. మడత విప్పితే పట్టీ తిన్నగా ఉండదు, మధ్యలో మోకాలు వంచినట్టు వంగుతోంది. స్కేలు కదల్లేదని గట్టిగా చెప్పగలను. ఎక్కడ పొరపాటు?

స్కేలు కదల్లేదన్న మీ మాట నిజమే అయ్యుంటుంది. కదిలితే పట్టీ వెడల్పు మారుతుంది గానీ వంగదు. మడత దగ్గర వంగిందంటే మీ కోత మడతకు సరిగ్గా లంబంగా పడలేదని అర్థం. ఆరంగుళాల స్కేలు దగ్గర 1/16 అంగుళం వాలితే కంటికి ఆనదు. 44 అంగుళాల పన్నా బట్టను మధ్యకు మడిస్తే 22 అంగుళాలు. అంత దూరం వెళ్లేసరికి ఆ వాలు దాదాపు పావు అంగుళం అవుతుంది. మడతకు అటూ ఇటూ ఒకేలా వాలుతుంది కాబట్టి విప్పితే 'వి' అక్షరంలా కనిపిస్తుంది. నాలుగు పొరలుగా మడిచి కోస్తే మూడు చోట్ల వంగుతుంది.

సరిచేసుకోవడం ఇలా. బట్టను ఇస్త్రీ చేసి, రెండు నేత అంచులూ కలిసేలా మడిచి, ఎదురుగా ఎత్తి పట్టుకోండి. కింద వేలాడే మడత చూడండి. మెలితిరిగినట్టు ముడతలు పడుతుంటే ఒక అంచును కదలకుండా పట్టుకుని, రెండోదాన్ని కొద్దికొద్దిగా పక్కకు జరపండి. ముడతలు పోయి మడత బల్లపరుపుగా వేలాడిన చోట ఆగండి. అప్పుడు కోసిన కొసలు ఒకదానికొకటి కలవకపోవచ్చు, రెండంగుళాల తేడా కూడా రావచ్చు. కలపాలని చూడకండి. షాపులో తాను మీద కత్తెర వంకరగా పోయిన తేడా అది. కొసలు కలపబోతే మళ్లీ మెలిక వస్తుంది.

ఇప్పుడు మడత మీవైపు ఉండేలా మ్యాట్ (కోతకు బల్ల మీద వేసే గళ్ల పలక) మీద పరవండి. చదరపు స్కేలు గీతను మడత మీద పెట్టి, దాని పక్కన 24 అంగుళాల పొడుగు స్కేలు ఆనించండి. చదరపు స్కేలు తీసేసి, పొడుగు స్కేలు వెంట కొసను కోసేయండి. ఇక్కణ్ణుంచి మీ కొలతలన్నీ ఈ శుభ్రమైన అంచు నుంచే. ఎడమచేతివాటం వాళ్లు రెండో వైపు నుంచి మొదలుపెట్టాలి, అంతే తేడా.

ఒకసారి సరిచేశాం కదా అని తాను మొత్తం కోసుకుంటూ పోకండి. కోసిన ప్రతిసారీ వెంట్రుకంత వాలు చేరుతూనే ఉంటుంది. మూడు నాలుగు పట్టీలకోసారి స్కేలు అడ్డగీతను మడత మీద పెట్టి చూసి, తేడా ఉంటే కొసను మళ్లీ సరిచేయండి. అందుకు అరంగుళం బట్ట పోయినా ఫరవాలేదు.

ఇంకొక మాట. కొలతకు మ్యాట్ మీది గళ్లను నమ్మకండి, స్కేలు గీతనే చూడండి. ఆ గీతకూ మందం ఉంటుంది. బట్ట అంచు గీత కింద దాక్కోవాలా, గీతను బయటి నుంచి తాకాలా అన్నది ముందే నిర్ణయించుకుని, బొంత పూర్తయ్యేదాకా అదే పద్ధతి పాటించాలి. స్కేలు కూడా మధ్యలో మార్చకూడదు.

సికింద్రాబాద్ నుంచి: బట్టను ముందు ఉతకాలా? కొత్త బట్ట బిరుసుగా ఉండి కోతకు బాగుంటుంది కదా?

మన దగ్గర దొరికే కాటన్ అయితే ఉతకాల్సిందే. పాప్లిన్, కేంబ్రిక్, చేనేత కాటన్ ఒక్కోటి ఒక్కో లెక్కన ముడుచుకుంటాయి. వాటిని ఉతక్కుండా పక్కపక్కన కుట్టేస్తే మొదటి ఉతుకులోనే ఒక ముక్క లాగుతుంది, పక్కది ఉబ్బుతుంది. ఎంత ముడుచుకుంటుందో తెలుసుకోవాలంటే సరిగ్గా పది అంగుళాల చదరం కోసి, ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి నిలువూ అడ్డం కొలవండి. తొమ్మిదిన్నర వచ్చిందంటే నూటికి ఐదు వంతులు పోయినట్టే. నిలువులో, అడ్డంలో వేర్వేరుగా రావడం మామూలే.

కలంకారీ అద్దకం, ముదురు ఎరుపు, నీలం బట్టలను విడివిడిగా నానబెట్టండి. నీళ్లలో తెల్లగుడ్డ ముక్క వేసి చూడండి. ఆ ముక్కకు రంగు అంటినంతకాలం ఆ బట్ట తెల్లదాని పక్కన కూర్చోవడానికి సిద్ధంగా లేనట్టే.

ఉతికితే బిరుసు పోతుందన్నది నిజం. దానికి మందు గంజి. ఆరిన బట్టకు పలుచని గంజి పెట్టి, కొంచెం చెమ్మగా ఉండగానే ఇస్త్రీ చేయండి. చీరకు పెట్టేదానికన్నా కొంచెం చిక్కగా ఉన్నా తప్పులేదు. గంజి పెట్టిన బట్ట కట్టర్ కింద జారదు, క్రాస్ అంచు (పోగుకు ఐమూలగా కోసిన అంచు) సాగదు. అయితే ముక్కలు కోశాక గంజి పెట్టి లాభం లేదు, తడి తగిలితే ముక్క ఆకారం మారిపోతుంది. గంజి బట్టను నెలలకొద్దీ బీరువాలో ఉంచితే వెండి పురుగులు, బొద్దింకలు పడతాయి. ఆ వారం కోయబోయేదానికే పెట్టుకోండి.

ఉతికాక బట్ట ఒక పక్కకు గుంజినట్టు, పడుగూ పేకా ఒకదానికొకటి ఏటవాలుగా కనిపిస్తే చెమ్మగా ఉండగా ఇద్దరు చెరో మూలా పట్టుకుని, పొట్టిగా ఉన్న ఐమూల వెంట మెల్లగా లాగాలి. చేనేత, మామూలు పాప్లిన్ దారికి వస్తాయి. ముడతలు పడని ఫినిష్ ఇచ్చిన మిల్లు బట్ట రాదు. దాన్ని బొంత వెనక వైపుకు వాడుకోవడం నయం.

రాజమండ్రి నుంచి: రోటరీ కట్టర్, మ్యాట్ కొనే స్తోమత లేదు. కత్తెరతో ఇంత కచ్చితంగా కోయలేమా?

కోయొచ్చు. రోటరీ కట్టర్‌ను జపాన్ కంపెనీ ఓల్ఫా తెచ్చింది 1979లో. అంతకుముందు ప్రపంచంలో పుట్టిన అతుకుల బొంతలు చాలావరకు కత్తెరతో కోసినవే. కట్టర్‌తో పని త్వరగా అవుతుంది, కత్తెరతో నిదానంగా అవుతుంది.

కత్తెర పనిలో కచ్చితత్వమంతా అచ్చులో ఉంటుంది. అట్టతో చేసిన అచ్చు ఇరవై ముప్పై సార్లు గీసేసరికి అంచు అరిగి, ముక్కలు తెలియకుండానే పెరుగుతాయి లేదా తగ్గుతాయి. పాత ఎక్స్‌రే ఫిల్మును వేడి సబ్బునీళ్లలో నానబెట్టి, రుద్ది కడిగితే పారదర్శకమైన అచ్చు తయారవుతుంది. అది అరగదు, కింద పోగు ఎటు పోతోందో కనిపిస్తుంది. దాని మీద స్టీలు స్కేలు, పదునైన సూదితో గీసుకుని కోయండి. వెనక చిన్న గరుకు కాగితం ముక్కలు అతికిస్తే బట్ట మీద జారదు.

గీయడానికి సుద్ద వద్దు. సుద్దగీత మందమే ఒక మిల్లీమీటరు పైన ఉంటుంది. మొనదేలిన పెన్సిల్‌తో, బట్ట తప్పుడు వైపున, పెన్సిల్‌ను బాగా వాల్చి గీయండి. నిలబెట్టి గీస్తే మొన బట్టను తోసేస్తుంది. కత్తెర గీతకు లోపలి వైపున, గీత పోయేలా వెళ్లాలి. ఒకసారికి ఒక పొర, మహా అయితే రెండు. నాలుగు పొరలు పెడితే కింది ముక్క పైదానితో సమానంగా రాదు.

డాలస్ నుంచి: ముక్కలన్నీ సరిగ్గా మూడున్నర అంగుళాలే, ఒకటికి రెండుసార్లు కొలిచాను. అయినా 12 ముక్కల వరస 36 1/2 రావాల్సింది 36 కూడా రావడం లేదు. రెడీమేడ్‌గా కోసిన ఐదంగుళాల చదరాల కట్టలు, చార్మ్ ప్యాక్‌లతో అయితే ఇంకా ఘోరం.

మీ కోత బాగుంది. ఈసారి దోషం కుట్టుదే. ప్రతి ముక్కకూ కుట్టు పడే వైపు పావు అంగుళం మార్జిన్ పోవాలి, 36 1/2 లెక్క అలా వచ్చిందే. 12 ముక్కలకు 11 కుట్లు. ఒక్కో ముక్క దగ్గర కుట్టు 1/32 అంగుళం లోపలికి పోయినా ఒక్కో కుట్టుకు రెండు వైపులా కలిపి 1/16 తరుగు. పదకొండు కుట్లకు 11/16. మీ వరస 35 13/16కి దిగుతుంది. 1/32 అంటే ఒక మిల్లీమీటరు కన్నా తక్కువే.

మూడు పట్టీల పరీక్ష చేయండి. ఒకటిన్నర అంగుళం వెడల్పు పట్టీలు మూడు కోసి, వరసగా కుట్టి, ఇస్త్రీ చేయండి. మొత్తం వెడల్పు కచ్చితంగా మూడున్నర, మధ్య పట్టీ కచ్చితంగా అంగుళం ఉండాలి. మధ్య పట్టీ తగ్గితే కుట్టు లోపలికి పోతోంది. మిషన్‌కు పావు అంగుళం మార్జిన్ చూపే ఫుట్ వాడుతున్నా ఇలా జరుగుతుంది, ఎందుకంటే ఇస్త్రీ చేసి మార్జిన్‌ను ఒక పక్కకు తిప్పినప్పుడు మడత ఒకటి రెండు పోగుల బట్టను తినేస్తుంది. ఆ మేరకు కుట్టును పావు అంగుళం కన్నా పోగున్నర లోపుగా, అంటే బట్ట అంచు వైపుకు జరపాలి. స్కేలును సూది కింద పెట్టి, సూది దించి, స్కేలు అంచు వెంట మిషన్ మీద నాలుగు పొరల టేపు అంటిస్తే బట్ట ఆనించుకోవడానికి గట్టు దొరుకుతుంది. పరీక్ష సరిగ్గా వచ్చేదాకా ఆ టేపును జరుపుతూ ఉండండి.

చార్మ్ ప్యాక్ సంగతి: అంచు రంపపు పళ్లలా ఉంటుంది. ఐదంగుళాలన్నది పళ్ల కొసల దాకానా, గుంటల దాకానా అన్నది అన్ని కంపెనీలకూ ఒకేలా ఉండదు. ప్యాక్ విప్పగానే ఒక ముక్కను స్కేలు కింద పెట్టి చూసుకుని, కుట్టేటప్పుడు దాన్నిబట్టి ఆనించండి. వేరే కంపెనీ ప్యాక్‌లను ఒకే బొంతలో కలిపితే చిక్కు తప్పదు.

విశాఖపట్నం నుంచి: కట్టర్ మధ్యమధ్యలో పోగులు వదిలేస్తోంది. కొత్త బ్లేడు వేసినా అక్కడక్కడా అదే.

వదిలిన చోట్ల మధ్య దూరం కొలవండి. 45 మిల్లీమీటర్ల బ్లేడు ఒక చుట్టు తిరిగితే దాదాపు 14 సెంటీమీటర్లు. సరిగ్గా ప్రతి 14 సెంటీమీటర్లకూ వదులుతుంటే బ్లేడు అంచు ఒకచోట విరిగింది. గుండుసూది మీద ఎక్కించి ఉంటారు. మీరన్నట్టు కొత్త బ్లేడుతో కూడా వదులుతోంది, అదీ ఎప్పుడూ మ్యాట్ మీద ఒకే చోట అయితే, అక్కడ మ్యాట్‌కు గాడి పడింది. ఎప్పుడూ ఒకే గీత మీద కోయడం వల్ల ఇలా అవుతుంది. మ్యాట్‌ను తిప్పి వాడుకోండి. పోగుల మురికి గాళ్లలో దూరి ఉంటే గోరువెచ్చని నీళ్లతో, మెత్తని బ్రష్‌తో కడగండి. ఎండలో ఆరేయకండి, మ్యాట్ దగ్గరకు ఇస్త్రీపెట్టె రానీయకండి. ఒకసారి వంకరపోయిన మ్యాట్ మళ్లీ చదును కాదు.

ఈ రెండూ కాకపోతే పొరలు ఎక్కువయ్యాయని. నాలుగు పొరలు దాటితే కచ్చితత్వం పోతుంది. పైగా బలం ఎక్కువ పెట్టినకొద్దీ స్కేలు జారుతుంది. కూర్చుని కోస్తే బరువు పడదు, నిలబడండి. వంటింటి గట్టు ఎత్తు చాలామందికి సరిపోతుంది. స్కేలు పట్టిన చెయ్యిని ఒకే చోట ఉంచి 24 అంగుళాలూ కోయబోతే కొస దగ్గర స్కేలు తిరుగుతుంది. ఏడెనిమిది అంగుళాలు కోశాక కట్టర్‌ను బట్టలోనే ఆపి, స్కేలు మీది చెయ్యి ముందుకు జరిపి, మళ్లీ కోయండి. కోత ఎప్పుడూ మీ నుంచి బయటికే. చేతిలోంచి దించిన ప్రతిసారీ బ్లేడు మూయాలి, పిల్లలున్న ఇంట్లో ఇందులో రాజీ లేదు.

నల్గొండ నుంచి: పోచంపల్లి ఇక్కత్, గళ్ల లుంగీ బట్ట కలిపి బొంత చేస్తున్నాను. స్కేలు ప్రకారం కోస్తే గళ్లు వంకర, గళ్ల ప్రకారం కోస్తే ముక్క వంకర.

గళ్లు నేతలో వచ్చాయా, పైన అచ్చు వేశారా అన్నది ముందు చూడండి. వెనక వైపు కూడా అంతే స్పష్టంగా ఉంటే నేత గళ్లు. నేతలో గీత అంటే పోగే. గీత వంకరగా కనిపిస్తే బట్టే పక్కకు గుంజుకుంది. కొంచెం తడిపి, ఐమూలగా లాగి, గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే గీత, స్కేలు రెండూ ఒక్కటవుతాయి. అచ్చు గళ్లయితే అద్దకం పోగుకు వాలుగా పడి ఉండొచ్చు. అప్పుడు ఒకటి వదులుకోక తప్పదు. చిన్న ముక్కల్లో గీత ప్రకారమే కోయండి, కన్ను చూసేది గీతనే. అంచు కొంచెం సాగుతుంది, దానికి గంజి ఉంది. పొడుగు బార్డర్లకు మాత్రం పోగు ప్రకారమే.

ఇక్కత్‌కు ఈ రెండూ పూర్తిగా సరిపోవు. దారాన్ని ముందే కట్టి రంగు ముంచి నేస్తారు కాబట్టి బొమ్మ అంచు మసకబారినట్టు ఉంటుంది. ఆ అంచు నుంచి కొలిస్తే ప్రతి ముక్కా వేరుగా వస్తుంది. బొమ్మ మధ్యబిందువును గుర్తించి, పారదర్శకమైన స్కేలు మీద నడిగీతలు దాని మీద ఆనించి, నాలుగు వైపులా సమానంగా కోయండి. ఒక్కో పొరే కోయాలి. బట్ట వృథా బాగానే అవుతుంది, ముందే ఎక్కువ తీసుకోండి.

తెనాలి నుంచి: త్రికోణాలు కలిపి చేసే చదరాలు ప్రతిసారీ గాలిపటంలా సాగిపోతున్నాయి.

త్రికోణాలను విడిగా కోసి కుట్టకండి. పొడుగు అంచు పూర్తిగా క్రాస్ మీద ఉంటుంది, ముట్టుకుంటే చాలు సాగుతుంది. కుట్టి పూర్తయ్యాక మూడంగుళాల చదరం కావాలంటే, రెండు రంగుల్లో నాలుగంగుళాల చదరాలు ఒక్కోటి తీసుకుని, మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి, ఐమూల గీత గీసి, గీతకు రెండు వైపులా పావు అంగుళం దూరంలో కుట్టండి. తర్వాత గీత మీద కోయండి. రెండు చదరాలు వస్తాయి. పుస్తకాలు 3 7/8 అని చెబుతాయి, లెక్కకు అది సరైనదే. కానీ చెక్కడానికి ఒక్క పోగు కూడా మిగలదు. నాలుగు తీసుకుని చివర్న మూడున్నరకు చెక్కడమే మేలు.

ఇస్త్రీపెట్టెను తోయకండి. ఎత్తి పెట్టి, నొక్కి, ఎత్తండి. ఆవిరి వద్దు. చల్లారాక స్కేలు మీది 45 డిగ్రీల గీతను కుట్టు మీద పెట్టి రెండు వైపులు చెక్కండి. ముక్కను తిప్పి, ఇప్పుడే చెక్కిన అంచులను మూడున్నర గీతల మీద ఆనించి మిగతా రెండు వైపులు చెక్కండి.

హైదరాబాద్ నుంచి: మా అమ్మమ్మ పాత చీరలతో కుట్టిన బొంతలకు స్కేలూ లేదు, కొలతా లేదు. అవి ముప్పై ఏళ్లు ఆగాయి. మరి ఇప్పుడు ఈ పదహారో వంతుల గొడవ ఎందుకు?

చాలా మంచి ప్రశ్న. మన బొంతలో చీరలు పొరలు పొరలుగా పరిచి, మొత్తం మీద దూరదూరంగా రన్నింగ్ కుట్టు వేస్తారు. పైన అతుకు వేసినా అది కింది పొర మీద కూర్చుంటుంది. కర్ణాటకలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ స్త్రీలు కుట్టే కవుది అనే బొంత కూడా అంతే. అంచుల నుంచి మొదలుపెట్టి, ముక్క అంచు మడిచి, కింది బట్ట మీద కుట్టుకుంటూ లోపలికి వస్తారు. ఒక ముక్క ఎక్కువైతే పక్కదాని కిందకు పోతుంది. తప్పు అక్కడికక్కడే ఆగిపోతుంది. అంచుకు అంచు కలిపి కుట్టే పద్ధతిలో అడుగున పట్టుకునే బట్ట ఉండదు, ప్రతి ముక్క తప్పూ పక్క ముక్కకు చేరుతుంది.

అలాగని అంచుకు అంచు కుట్టే బొంతలన్నీ స్కేలుతో పుట్టినవి కావు. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్‌లో నల్లజాతి స్త్రీలు పాత పనిబట్టలతో కంటి అంచనాకు కుట్టిన బొంతలను 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో ప్రదర్శించారు. వాటిలో వాలు కూడా అల్లికలో భాగమే. నక్షత్రం మొనలు ఒకచోట కలవాల్సిన అల్లిక ఎంచుకుంటే మాత్రం కొలత తప్పదు. అమ్మమ్మ పద్ధతి మీకు నచ్చితే నిస్సంకోచంగా అదే కుట్టండి.

బెంగళూరు నుంచి: మూడున్నర అంగుళాల చదరాలు 120 కావాలి. ఎంత బట్ట కొనాలి?

44 అంగుళాల పన్నాలో నేత అంచులు తీసేసి, ఉతికాక మిగిలేది 41, 42 అంగుళాలు. 42 ఉంటే పట్టీకి 12 చదరాలు. 41 అయితే 11 మాత్రమే. 11 చొప్పునే లెక్కేసుకోండి. 11 పట్టీలు, 38 1/2 అంగుళాలు. కొసలు సరిచేయడానికి మూడు, ముడుచుకునేదానికి రెండు చేర్చండి. ఒక మీటరు ఇరవై సెంటీమీటర్లు తీసుకుంటే చాలు. 36 అంగుళాల పన్నా అయితే పట్టీకి తొమ్మిదే వస్తాయి, మీటరున్నర కావాలి.

నెల్లూరు నుంచి: బొంత పూర్తయింది. 60, 80 అంగుళాలు ఉండాలి. అంచుకు పైపింగ్ వేసే ముందు చదరంగా ఉందో లేదో ఎలా చూడాలి?

ఇంటికి ముగ్గు పోసేటప్పుడు మేస్త్రీ మూలమట్టం చూసే 3-4-5 లెక్కే. 60, 80 కొలతలకు మూల నుంచి మూలకు సరిగ్గా 100 అంగుళాలు రావాలి. రెండు ఐమూలలూ కొలవండి. రెండూ సమానమైతే మూలలు సరిగ్గా ఉన్నట్టు. వాటి మధ్య తేడా అంగుళం పైన 1/5 వంతు ఉంటే పై అంచు కింది అంచుకన్నా దాదాపు ఒక అంగుళం పక్కకు జరిగింది.

వెంటనే కోసి సరిచేయకండి, లోపలి వరసలు వాలుగానే మిగిలిపోతాయి. బొంతను తడిపి, నీళ్లు పిండి, చాప మీదో పాత పరుపు మీదో పరిచి, పొట్టి ఐమూల వెంట చేత్తో సర్ది, 100కు రాగానే చుట్టూ ఆరంగుళాలకో గుండుసూది గుచ్చండి. ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వండి, రెండు రోజులు పట్టినా సరే. ఆరాక చదరపు స్కేలును ఒక మూలలో పెట్టండి. స్కేలు గీత బార్డర్ కుట్టు మీద ఉండాలి, బట్ట అంచు మీద కాదు. అక్కణ్ణుంచి పొడుగు స్కేలుతో నాలుగు వైపులా కోసుకుంటూ వెళ్లండి. పైపింగ్ పట్టీని అంచు వెంట సాగదీస్తూ కుట్టకండి. 280 అంగుళాల చుట్టుకొలతను నాలుగు వైపులకు ముందే గుండుసూదులతో పంచుకుని కుట్టండి, లేకపోతే ఇంత చేసి సరిచేసిన అంచు మళ్లీ అలల్లా లేస్తుంది.